వెనక నిలబడిన మనిషి

పోయిన వారం ఒక మధ్యాహ్నం, అన్నం తిని ప్రొద్దుటూరులోని మా ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని, కునుకు తీద్దామా వద్దా అని ఆలోచిస్తూ ఉండగా ఫోను మోగింది. అవతల ఎవరో కుర్రవాడు, చాలా మర్యాదస్తుడు. నేను చదువుకున్న యూనివర్సిటీలో వ్యాయామ ఉపాధ్యాయుడినని చెప్పుకుని, కొత్తగా కట్టిన ఆటల భవనంలో మగపిల్లల ఫుట్‌బాల్ టీం చరిత్ర, ఆ టీం సాధించిన విజయాలు రాసి ఒక పెద్ద బోర్డు పెట్టబోతున్నామని, మొట్టమొదటి టీంలో ఆడినవాళ్లలో ఫోను నంబరు దొరికింది నాదొక్కటేనని అన్నాడు. ఈ వయసులో మనల్ని వెతుక్కుంటూ ఫోను వచ్చిందంటే అది మోకాళ్ల నూనె అమ్మేవాళ్లదే అయివుంటుంది. అలాంటిది నన్ను చరిత్ర అడిగారు. మీరైతే ఊరుకుంటారా?

నేను ఊరుకోలేదు. కెప్టెన్‌ని నేనే అన్నాను. సెంటర్ ఫార్వర్డు ఆడేవాడినన్నాను. మద్రాసులో నేను కొట్టిన దెబ్బకు గోల్‌పోస్టు మీద అడ్డకర్ర రెండు ముక్కలైందని, ఆ ముక్కలను వాళ్లు ఇప్పటికీ దాచుకున్నారని అన్నాను. చివరికి, ప్రొద్దుటూరు ఫైనల్లో మైదానంలోకి నాటుబాంబు వస్తే దాన్ని బంతిని ఆపినట్టు కాలితో ఆపి, పేలకముందే అవతలి కాలవలోకి తన్నానని కూడా అనేశాను. పాపం ఆ పిల్లవాడు "ఓకే సార్, ఓకే సార్" అంటూ అంతా రాసుకున్నాడు.

వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తున్న మా ఇంటామె తల కూడా ఎత్తలేదు.

"అడ్డకర్ర యాడ ఇరిగింది? ఇరిగింది నీ కాలు గదా" అంది.

ఆమెది వీరపునాయునిపల్లె. మా పెళ్లయినప్పటి నుంచి ఈ కథను నేను ఎన్ని రకాలుగా చెప్పానో అన్ని రకాలూ విన్నది, అసలుది ఏదో కూడా ఆమెకు తెలుసు. మీరు నా ఈడువాళ్లు కాబట్టి మీకూ అసలుదే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నా నోరు అలవాటు కొద్దీ ఉబ్బితే, నేనే సూదితో పొడుచుకుంటాను, మీరు శ్రమపడవద్దు.

మాది జమ్మలమడుగు వైపు ఒక పల్లె. పేరెందుకులెండి, ఆ పేరు ఇప్పటికే పేపర్లలో పడవలసినదానికంటే ఎక్కువ పడింది. ఊరికి మిట్టన ఒక పెద్ద ఇల్లు, పల్లంలో ఒక పెద్ద ఇల్లు. పై ఇల్లు, కింది ఇల్లు అనేవాళ్లం. ఈ రెండిళ్లకూ పడదు. ఎందుకు పడదని మా తాతను అడిగితే చేని గట్టు దగ్గర మొదలైందన్నాడు, మా అవ్వను అడిగితే పొట్టేళ్ల పందెం దగ్గర మొదలైందంది. ఎక్కడ మొదలైతేనేమి, నేను పుట్టేనాటికే రెండువైపులా మనుషులు సమానంగా పోయినారు. సమానం కాకపోతే అయ్యేదాకా ఆగేవాళ్లు కాదు. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. గొర్రెకు గట్టు తెలియదు, ఇద్దరి చేలల్లోనూ మేయాలి, ఇద్దరి బావుల దగ్గరా నీళ్లు తాగాలి. కోతలయ్యాక ఎరువు కోసం తమ చేలో మంద కట్టమని రెండిళ్లవాళ్లూ మా నాయనకు కబురు పెట్టేవాళ్లు. అందువల్ల మా జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. రెండు పొట్టేళ్ల మధ్యలో మొలిచిన గడ్డిపరకకు కూడా అంతో ఇంతో బతుకు ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ రెండిళ్లలో పిల్లలకు అక్షరాలకంటే ముందు ఒక సంగతి నేర్పేవాళ్లు. అవతలి ఇంటివాణ్ని నీ వీపు వెనక నిలబడనీయవద్దు. టీ అంగట్లో గోడకు ఆనుకుని వాకిలి వైపు చూస్తూ కూర్చోవాలి. బస్సులో చివరి సీటు. సినిమా హాల్లో చివరి వరస. మంగలి కుర్చీలో కూర్చుంటే అద్దంలో నీ మొహం కాదు, నీ వెనక వాకిలి చూసుకోవాలి. కన్నతల్లి పిలిచినా సరే, మెడ ఒక్కటే తిప్పి ఊరుకోకుండా మనిషి మొత్తం తిరిగి చూడాలి. ఇవన్నీ నేర్చుకోని పిల్లవాడికి చదువు ఎంత వచ్చినా ఉపయోగం లేదని వాళ్ల లెక్క.

వంశానికి ఒక్కడైనా మిగలాలని రెండిళ్లవాళ్లూ తలా ఒక పిల్లవాణ్ని యూనివర్సిటీకి పంపించారు. పై ఇంటి నుంచి పెద్దాయన చిన్నకొడుకు, కింది ఇంటి నుంచి పెద్దాయన తమ్ముడి కొడుకు. ఎవరూ పంపకుండానే, హాస్టల్లో మూడు పూటలా అన్నం పెడతారని విని నేనూ పోయాను. మా ఊరి వరసల ప్రకారం వాళ్లిద్దరూ నాకు మామలు, నేను వాళ్లిద్దరికీ అల్లుణ్ని. ముగ్గురిదీ ఒకటే వయసు అయినా వరస వరసే. క్లాసులో ఇద్దరికీ చివరి బెంచీయే కావాలి, ఉన్నదేమో ఒకటే చివరి బెంచీ. దాని ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు, ఇద్దరూ గోడకు వీపులు ఆనించి కూర్చునేవాళ్లు, మధ్యలో నేను. వాళ్లకు చదువు మీద ధ్యాస లేదని మా లెక్చరర్లు అనుకునేవాళ్లు. నిజానికి ఆ గదిలో కన్ను మూతపడని వాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరూ వాళ్లే.

మా వ్యాయామ గురువుగారు కోస్తా మనిషి. మా మాట ఆయనకు బండరాళ్లు దొర్లించినట్టు వినబడేదట. ఆయన వచ్చి, చిల్లకంపలు కొట్టించి, మాతోనే రాళ్లు ఏరించి మైదానం చేయించారు. గోల్‌పోస్టులకు సర్వి గుంజలు పాతించారు. వలకు మాత్రం డబ్బు రాలేదు. అప్పుడు మా నాయన గొర్రెల మందకు చుట్టూ కట్టే వల ఒకటి, మేకబొచ్చు తాడుతో అల్లినది, భుజాన వేసుకుని బస్సులో తెచ్చి ఇచ్చి పోయాడు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీం మొదటి ఆస్తి అదే. మేము ఎక్కడికి ఆడబోయినా దాన్ని వెంట తీసుకుపోయేవాళ్లం. వానకు తడిస్తే దాని వాసనకే అవతలి టీం సగం ఓడిపోయేది. ఇది మాత్రం పెంచినది కాదు.

టీంలో చేరిన మొదటిరోజే మామలిద్దరూ గోల్‌కీపరుగా ఉంటామన్నారు. మైదానం మొత్తంలో వెనక ఎవరూ ఉండని మనిషి గోల్‌కీపరు ఒక్కడేనని ఇద్దరికీ ఒక్క చూపులో అర్థమైపోయింది. గురువుగారికి ఆ సంగతి తెలియదు. కింది ఇంటి మామ పొడుగని అతన్ని గోల్‌లో నిలబెట్టి, పై ఇంటి మామ కాలు గట్టిదని అతన్ని దాని ముందర ఫుల్ బ్యాక్‌గా నిలబెట్టారు. అంటే, పుట్టినప్పటి నుంచి ఏ మనిషిని వీపు వెనక ఉండనీయకూడదని నేర్చుకున్నాడో సరిగ్గా ఆ ఇంటి మనిషినే ఆట అయ్యేదాకా వీపు వెనక పెట్టుకుని పై ఇంటి మామ ఆడాలి.

ఇంక ఆటేం ఆడతాడు. బంతి ముందునుంచి వస్తూ ఉంటే ఈయన వెనక్కి తిరిగి చూసేవాడు. ఈయన వెనక్కి చూశాడంటే ఎందుకు చూశాడోనని కింది ఇంటి మామ బంతిని వదిలి ఈయన్ను చూసేవాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా బంతి ఇద్దరి మధ్య నుంచి, పెళ్లిలో ఎవరూ పలకరించని చుట్టంలాగా, నిదానంగా గోల్‌లోకి పోయేది. మాకు పడిన గోల్స్ లెక్కపెట్టడం గురువుగారే మానుకున్నారు.

"ఏమయ్యా, బంతి అటు నుంచి వస్తుంటే నువ్వు ఇటు చూస్తావేంటి? నీ మీద గోలు కొట్టేది నీ గోల్‌కీపరా?" అని అడిగేవారు.

"అలవాటు సార్" అనేవాడు పై ఇంటి మామ, నేలచూపులు చూస్తూ.

నేను అప్పటికి ఆడేవాణ్ని కాదు, బెంచీ మీద కూర్చునేవాణ్ని. నా ఆట అంత బాగుండేది. ఒకనాడు ఉండబట్టలేక గురువుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను.  ఆయన అంతా విని, వాళ్లిద్దరూ ముట్టుకోని మనిషి మీ ఊళ్లో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. గొర్రెలవాళ్లం ఉన్నామన్నాను. మరునాటి నుంచి నన్ను వాళ్లిద్దరి మధ్య నిలబెట్టారు. దానికి స్వీపర్ అని పేరు. ఫోనులో సెంటర్ ఫార్వర్డు అని చెప్పిన పెద్దమనిషి అసలు సంగతి ఇదీ. ఫుట్‌బాల్ వచ్చినందుకు కాదు, గోడగా పనికొస్తానని తీసుకున్నారు.

"నా వెనక నువ్వు సూస్తాంటావా అల్లుడూ?" అని పై ఇంటి మామ అడిగాడు.

"సూస్తాంటా మామా."

"వాడు కదిలితే సెప్పు."

"గోల్‌కీపరు కదలకుండా ఎట్లుంటాడు మామా? బంతి కోసం కదిలితే సెప్పను, నీ కోసం కదిలితే సెప్తా."

ఆ ఒప్పందంతో పై ఇంటి మామ వెనక్కి చూడడం మానుకున్నాడు, మా టీం గెలవడం మొదలుపెట్టింది. మాతో ఆడే టీంలు ముందురోజే ఆస్పత్రిలో మంచాలు చెప్పి పెట్టుకునేవని నేను అందరికీ చెబుతుంటాను. అంత లేదు. ఒకనికి పన్నుపోయింది, ఒకని దవడ పక్కకు పోయింది, ఇంకొకడు పై ఇంటి మామను దాటిపోదామని వచ్చి మూడు పల్టీలు కొట్టి మా నాయన వలలో గొర్రెపిల్లలాగా చిక్కుకున్నాడు. ఒక ఊళ్లో మేము గెలిచినందుకు అక్కడి జనం కట్టెలు, రాళ్లు తీసుకుని మా మీదికి వచ్చారు. మేమంతా దొరికిన సందులోకి దూరితే, మామలిద్దరూ అలవాటు ప్రకారం గోడను వెతుక్కుంటూ పోయి ఒకే గోడకు వీపులు ఆనించి నిలబడ్డారు. వచ్చిన రాయిని వచ్చినట్టే తిప్పి విసురుతూ, ఇద్దరి తలలూ పగిలి, నెత్తురు కళ్లలోకి కారుతున్నా జరగకుండా నిలబడ్డారు. ఆ రెండిళ్ల మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడగా నేను మొదటిసారి విన్నది ఆనాడే. ఒకే ఒక మాట. "నీ పక్క సూసుకో" అన్నాడు కింది ఇంటి మామ. పై ఇంటి మామ చూసుకున్నాడు. అటువైపు నుంచి వచ్చిన కట్టె అతని తలకు కాకుండా గోడకు తగిలింది.

అట్లా గెలుచుకుంటూ ప్రొద్దుటూరు కప్పు ఫైనలుకు వచ్చాం. మాకు బడి వరండాలో బస ఇచ్చారు. ఆటరోజు పొద్దున్నే టీ తెచ్చినవాడు టీతోపాటు కబురు తెచ్చాడు. జమ్మలమడుగు రోడ్డు మీద మోరీ దగ్గర పై ఇంటివాళ్ల జీపు మీద బాంబులు వేశారు. పొగలో నుంచి దిగి చేలోకి పరిగెత్తిన మనిషిని తరుముకుని, వేటకొడవళ్లతో నరికారు. అతను పై ఇంటి మామ అన్న. మొహం ఆనవాలు లేదని, చేతి గడియారాన్ని బట్టి పోల్చుకున్నారని టీ అబ్బాయి చెబుతూ ఉంటే పై ఇంటి మామ టీ తాగుతూనే విన్నాడు. తాగేసి గ్లాసు తిరిగి ఇచ్చాడు. నాకు అది చూసే భయం వేసింది.

కాసేపటికి పై ఇంటి మామ చిన్నాయన, ఆరుగురు మనుషులతో వచ్చాడు. అందరి భుజాల మీదా తువ్వాళ్లు, తువ్వాళ్ల కింద గుడ్డ సంచులు. కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న నేను పక్కకు పోయేలోపలే మాట్లాడటం మొదలుపెట్టారు.

"శవం సాయంత్రందాకా ఆస్పత్రి నుంచి రాదు" అన్నాడు చిన్నాయన. "నువ్వు ఆట ఆడుకో. ఆ కింది ఇంటోడు ఊరు దాటి పోకుండా ఉంటే సాలు, తక్కింది మేం సూసుకుంటాం."

"గ్రౌండులోనా చిన్నాయనా?"

"ఆట అయిపోనీ. జనం లేసి గేటు కాడ తొక్కులాడుకుంటారు సూడు, అప్పుడు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏంరా గొర్లోడా, ఇన్యావా?"

"నాకు శెవుడప్పా" అన్నాను.

వాళ్లు పోయాక పై ఇంటి మామ నా దగ్గరకు వచ్చి, "అల్లుడూ, ఈ పొద్దు నువ్వు మధ్యలో నిలబడాకు" అన్నాడు. ఎందుకని అడిగాను. అతను పోయి బూట్ల లేసులు కట్టుకున్నాడు. ఇంక నాకు అర్థమైపోయింది. పనిని గేటు దగ్గర వాళ్లకు వదిలిపెట్టకుండా ఈయనే చేస్తాడు, అడ్డంగా నేను ఉండకూడదు.

కింది ఇంటి మామ వరండా చివర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కబురు అతనికీ అందింది. ఏదో ఒక లారీ ఎక్కి పొమ్మని బతిమాలాను.

"యాడికి పోయేది అల్లుడూ? నాలుగు రోడ్ల మీదా మనుషులు నిలబడింటారు. రోడ్డు మీదయితే సంపుతారు, ఇంత జనంలో ముట్టుకోరులే" అన్నాడు. కొంతసేపటికి, ఎవరూ అడగకుండానే, "మావాళ్లు నాకు సెప్పి సంపుతారా? పొద్దున టీ పిలగాడు సెప్తేనే నాకూ తెల్సింది" అన్నాడు.

ఆ రోజు ఎవరెవరు ఎక్కడ నిలబడాలో చెప్పేటప్పుడు గురువుగారు నన్ను మళ్లీ మధ్యలోనే పెట్టారు. మొదటి సగం భయపడుతూనే మధ్యలో నిలబడ్డాను. జనం అంటారా, యాభై వేలని చెబుతుంటాను, రెండు మూడు వేలు ఉండవచ్చు. కప్పు ఇచ్చే పెద్దమనుషుల పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు బెల్లం పాకం పల్లీలు తింటూ ఆట చూస్తున్నారు. మా గోల్ వెనక చిల్లకంపల కంచె ఉన్నందువల్ల అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఆట మొదలైన కొంచెంసేపటికి ఆ ఏడుగురూ నిదానంగా నడిచివచ్చి ఆ కంచె దాటి, మా నాయన వలకు ఆనుకుని నిలబడ్డారు.

అంతవరకు మైదానంలో వెనక ఎవరూ లేని మనిషి కింది ఇంటి మామ ఒక్కడే. ఇప్పుడు అతనికీ వెనక వచ్చి నిలబడ్డారు. అతను వెనక్కి తిరిగి చూడడం మొదలుపెట్టాడు. ఒకసారి అట్లా చూస్తూ ఉండగానే ముందునుంచి గోల్ పడిపోయింది. జనం ఈలలు వేశారు. వెనక నిలబడినవాళ్లు నవ్వనైనా నవ్వలేదు.

సగం ఆట తర్వాత రెండు టీంలూ వైపులు మార్చుకుంటాయి కదా. మేము అటు గోల్‌కు మారాము, మా వలను విప్పి అక్కడికి తీసుకుపోయి కట్టాము. ఏడుగురూ మైదానం చుట్టూ నడుచుకుంటూ వచ్చి మళ్లీ మా వల వెనకే నిలబడ్డారు. వాళ్లు నడుస్తున్నంతసేపూ ఆ వైపు కూర్చున్న జనం ఒకరి తర్వాత ఒకరు మాట ఆపేశారు. ప్రొద్దుటూరు జనానికి ఆ నడక ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకరిద్దరు పిల్లలను ఎత్తుకుని లేచిపోయారు.

రెండో సగం మొదలు కాగానే పై ఇంటి మామ నా దగ్గరకు వచ్చి చేత్తో నన్ను పక్కకు తోశాడు. నేను జరిగిపోయాను. నేను గోడనయ్యాక, మైదానంలో వాళ్లిద్దరి మధ్య గోడ లేకుండా చూడడం అదే మొదలు. బంతి అవతలి సగంలో ఎక్కడో ఉంది. పై ఇంటి మామ దాన్ని చూడకుండా, మైదానానికి వీపు పెట్టి, నేరుగా గోల్ వైపు నడవడం మొదలుపెట్టాడు. వెనక ఏడుగురు, ఎదురుగా ఇతను. కింది ఇంటి మామ రెండు వైపులా చూశాడు. చాచి ఉన్న చేతులు కిందికి దించేశాడు. 

పై ఇంటి మామ అతన్ని దాటి గోల్‌లోకి పోయాడు. వలకు మొహం పెట్టి, తన మనుషులకు ఎదురుగా, కింది ఇంటి మామ వీపుకు తన వీపు ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు బంతి సూడు. ఈ పక్క నేను సూస్తాంటా" అన్నాడు.

రెఫరీ వచ్చి చూశాడు. గోల్‌లో అటు తిరిగి నిలబడకూడదని ఏ రూలులోనూ లేనట్టుంది, తిరిగి పోయాడు. ఆ తర్వాత కింది ఇంటి మామ ఆడిన ఆట నా కళ్లతో చూసింది చూసినట్టు చెబుతున్నాను, ఇందులో పెంచింది గోరంత కూడా లేదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. అవతలివాళ్లు ఎంత దగ్గర నుంచి కొట్టినా బంతి అతని చేతుల్లోకి వచ్చి పడింది.

వల దగ్గర మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"పక్కకు జరగరా" అన్నాడు చిన్నాయన.

"జరగను చిన్నాయనా."

"మీ అన్న శవం ఇంకా ఇంటికి రాలేదు."

"తెల్సు."

"గాజులు తెప్పించేదా నీకు?"

"తెప్పీ, తొడుక్కుంటా. ఆట అయిపోనీ అన్యావు గదా పొద్దున? అయిపోలేదు."

చిన్నాయన ఆ మాటకు ఆగాడు. ఆగని వాడు ఆ ఏడుగురిలో చిన్నవాడు, చనిపోయిన మనిషి బావమరిది. సంచిలో చేయి పెట్టాడు. విసిరింది మా నాయన వల మీదుగా వచ్చి పక్కన సర్వి గుంజకు తగిలి పేలింది.

ఫోనులో ఇక్కడే గదా నేను బాంబును ఆపి కాలవలోకి తన్నింది. పేలిన చప్పుడు వినగానే నేను గోల్‌కు సరిగ్గా వ్యతిరేక దిక్కున, బహుశా ఆ కప్పు మొత్తంలో ఎవరూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తి, బాంబును కాలవలోకి తన్నడం కాదు, నేనే కాలవలో పడ్డాను. కాలు అక్కడే విరిగింది. మా ఇంటామె చెప్పిన కాలు ఇదే.

కాలవలో నుంచి తల ఎత్తి చూస్తే పొగ. పొగ తేలిపోయాక పై ఇంటి మామ మోకాళ్ల మీద ఉన్నాడు. ఎడమ చేయి మణికట్టు నుంచి లేదు. ఎడమ కంటి చోట నెత్తురు. గాజుపెంకులు, మేకులు ఛాతీలో దిగి చొక్కా నుంచి కొసలు కనబడుతున్నాయి. కింది ఇంటి మామ వీపు మీద ఒక్క గీత కూడా లేదు. అతను పై ఇంటి మామను భుజాన వేసుకుని, ఆ ఏడుగురి మధ్య నుంచే రోడ్డు మీదికి వచ్చి జట్కా ఎక్కించాడు. చంపడానికి వచ్చినవాళ్లకు అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ తమ ఇంటి బిడ్డ నెత్తురంతా అతని మీద ఉంది. చిన్నాయన ఆస్పత్రిదాకా ఆ జట్కా వెనకే నడిచాడని తర్వాత విన్నాను.

ఆట అక్కడితో ఆగిపోయింది. ఒక గోల్ తేడాతో కప్పు అవతలివాళ్లకు ఇచ్చారు. చాలా ఏళ్లు యూనివర్సిటీ వాళ్లు మళ్లీ ఫుట్‌బాల్ టీం పంపలేదు. గురువుగారు కోస్తాకు వెళ్లిపోయారు. మా నాయన వల సగం కాలిపోతే మిగిలిన సగం మళ్లీ గొర్రెల మందకే పనికొచ్చింది. చరిత్ర, విజయాలు అంటే ఇంతే.

ఆ ఒక్కరోజుతో రెండిళ్లూ కలిసిపోయాయని కథ ముగిస్తే బాగుంటుంది, ఒకటి రెండుసార్లు అట్లాగే ముగించాను కూడా. కలవలేదు. కింది ఇంటి మామ ఊరు వదిలి పులివెందుల అవతల లింగాల దగ్గర చీనీతోట, అదే బత్తాయితోట, పెట్టుకున్నాడు. పై ఇంటి మామ ఊళ్లోనే ఒంటిచేత్తో, ఒంటికంటితో సేద్యం చేసుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత ఒక ఉదయం జమ్మలమడుగులో మంగలి కుర్చీలో కూర్చుని ఉండగా వచ్చారు, కింది ఇంటివాళ్లే. అలవాటు ప్రకారం అద్దంలో వాకిలి చూస్తూనే ఉన్నాడట. వాకిలి ఎడమవైపు ఉంది. ఆ వైపు కన్ను లేదు.

దినాలకు కింది ఇంటి మామ వచ్చాడు. ఒక్కడే, వెంట ఎవరూ లేకుండా, పై ఇంటి వాకిట్లోకి నడిచి వచ్చి, పటానికి ఎదురుగా, కూర్చున్న జనానికంతటికీ వీపు పెట్టి కూర్చున్నాడు. చిన్నాయన అక్కడే ఉన్నాడు. ఎవరూ లేవలేదు.

నిన్న ఆ యూనివర్సిటీ కుర్రవాడికి నేనే ఫోను చేసి, పోయిన వారం చెప్పింది కొట్టేయమని, ఇదంతా చెప్పాను.  అతను, "సార్, బోర్డు మీద అంత చోటు లేదు సార్. రన్నర్స్ అని రాస్తాను" అన్నాడు. రాయమన్నాను. అది నిజమే కదా.

ఇప్పుడు ఆ రెండిళ్ల మనవళ్లు ప్రొద్దుటూరు హోటళ్లలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ, వాకిలికి వీపు పెట్టి, చెవుల్లో తీగలు పెట్టుకుని తింటుంటారు. వాళ్ల వెనక ఎవరు నిలబడ్డారో వాళ్లకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. మంచిదే. ఆ పాతరోజులు మళ్లీ రావాలని నేను కలలో కూడా అనుకోను. అయినా వాళ్లను చూసినప్పుడు, ఇంత హాయిగా కూర్చోవడానికి వెనక ఎవరు ఎంత నిలబడితే సాధ్యమైందో ఒక్కరికైనా తెలిస్తే బాగుండునని అనిపిస్తుంది.

కింది ఇంటి మామ నెలకొకసారి లింగాల నుంచి చీనీకాయల సంచి తీసుకుని మా ఇంటికి వస్తాడు. వసారాలో రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంటాడు. కుర్చీ ఇటు తిప్పుకోమని నేను ఎన్నోసార్లు చెప్పాను.

"ఉండనీ అల్లుడూ, ఆ పక్క సూసేటోడు ఉండాడులే" అంటాడు.

ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది నేనే కాబట్టి, నన్నే అంటున్నాడని నలుగురికీ గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. నన్ను కాదు.